ఉప్పు ప్యాకెట్ల వాకర్

మా ప్రిన్సిపాల్ గారు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, కాసేపు పేపర్‌వెయిట్ తిప్పుతూ కూర్చున్నారు. ఇరవై ఏళ్లుగా విజయవాడలో ఒకే జూనియర్ కాలేజీలో పనిచేస్తున్నాం. ఆయన ఫిజిక్సు, నేను కెమిస్ట్రీ. ఆయన నా మొహంలోకి చూడకుండా మాట్లాడటం అదే మొదటిసారి.

“మేడమ్, మీరేమీ అనుకోవద్దు. ఒక పేరెంటు ఫోన్ చేశారు. ఈ మధ్య క్లాసులో మీ మాట తడబడుతోందంట. నడక కూడా అదోలా ఉంటోందంట. పొద్దున్నే... అంటే... ఏదన్నా పుచ్చుకుని వస్తున్నారేమోనని...”

“తాగి వస్తున్నాననా సార్?”

ఆయన తల దించుకున్నారు.

నాకు నవ్వొచ్చింది. దగ్గు మందు వాసనకే మొహం తిప్పుకునే మనిషిని నేను. నవ్వుతూనే లేచి, “వాళ్లని ఒకసారి నా దగ్గరికి రమ్మనండి సార్, నేనే మాట్లాడతాను” అని తలుపు వైపు తిరిగాను. ఆ తిరగడంలోనే వచ్చింది తంటా. కాళ్లొక వైపు, నేనొక వైపు అయ్యాం. భుజం వెళ్లి ద్వారబంధానికి ఠపీమని కొట్టుకుంది. వెనక ఆయన కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. నేను మాత్రం వెనక్కి చూడలేదు.

అప్పటికి నాకు నలభై మూడేళ్లు. ఏడాది పైగా ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. ఒక డాక్టరు చెవిలో సమస్య అన్నారు. ఒకరు బి12 తగ్గిందన్నారు. ఇంకొకరు మెడ ఎముకలు అరిగాయన్నారు. ఎవరేమిస్తే అది మింగాను. స్నానాల గదిలో సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే పక్కకి ఒరిగిపోయేదాన్ని. అందుకని ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండో చేత్తో మొహం కడుక్కోవడం అలవాటు చేసుకున్నాను. కాఫీ సగం గ్లాసే పోసుకునేదాన్ని. బోర్డు మీద బెంజీన్ గీస్తే ఆరు మూలల్లో ఒకటి కలిసేది కాదు. పిల్లలు చూసి నవ్వుకుంటే, చేతి అలసట అని సర్దిచెప్పేదాన్ని. ఆ రోజు ప్రిన్సిపాల్ గది నుంచి బయటికొచ్చాక ఇక సర్దిచెప్పుకోలేకపోయాను. సాయంత్రం మావారితో చెప్పి, మర్నాడే సూర్యారావుపేటలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాం.

ఆయన పెద్దగా పరికరాలేం వాడలేదు. చూపుడు వేలితో నా ముక్కు ముట్టుకోమన్నారు, తర్వాత ఆయన వేలు ముట్టుకోమన్నారు. వేలు దగ్గరికెళ్లేకొద్దీ నా చెయ్యి వణికి పక్కకి పోయింది. మడమకి బొటనవేలు తగిలేలా అడుగులో అడుగు వేసి నడవమన్నారు. రెండు అడుగులకే మావారు వచ్చి పట్టుకున్నారు.

“మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా నడిచేవాళ్లు ఉన్నారామ్మా?”

ఉన్నారు. మా నాన్నగారి చెల్లెలు, చల్లపల్లిలో ఉండే మా మేనత్త. ఆవిడ నడక నా కళ్ల ముందుకొచ్చింది. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, అడుగు ఎక్కడ పడుతుందో తెలియనట్టు వేసే నడక. మా నాన్నగారు నలభై నిండకుండానే గుండె ఆగి పోయారు కాబట్టి ఆయనకి ఉందో లేదో తెలిసే వీల్లేకపోయింది.

స్కానింగు, రక్త పరీక్షలు అయ్యాక డాక్టరు గారు పేరు చెప్పారు. అటాక్సియా. తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడు నెమ్మదిగా కుంచించుకుపోతుందట. కండల్లో బలం ఉంటుంది, బుర్ర బాగా పనిచేస్తుంది, కానీ కాలూ చెయ్యీ నాలుకా కుదురుగా కలిసి పనిచెయ్యవు. నయం చేసే మందు లేదు.

“మందు లేదన్నాను గానీ దారి లేదనలేదు,” అన్నారాయన. “ఫిజియోథెరపీ మానొద్దు. పడకుండా చూసుకోండి. ఊతం తీసుకోవడానికి సిగ్గుపడొద్దు.”

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. ఇంటికొచ్చాక సూటిగా అడిగింది, “నాక్కూడా వస్తుందామ్మా?” అని. వచ్చే అవకాశం సగానికి సగం అని డాక్టరు గారు అన్నారు, నేను దాచలేదు. అది కిటికీ దగ్గరికి వెళ్లి, “ఇప్పుడు టెస్టులేం వద్దు. నాకు తెలుసుకోవాలనిపించినప్పుడు నేనే చేయించుకుంటా” అంది. తర్వాత వచ్చి నా పక్కన కూర్చుని తల భుజం మీద పెట్టింది. ఆ విషయంలో మేమిద్దరం ఏడ్చింది ఆ ఒక్క పూటే.

డాక్టరు గారు సిగ్గుపడొద్దన్నారు కానీ నేను సిగ్గుపడ్డాను. చేతికర్ర వద్దని, మగవాళ్లు వాడే పొడుగు గొడుగొకటి కొన్నాను. మే నెలలో బెజవాడ ఎండకి ఎవరూ ఏమీ అనుకోరు. ఆగస్టులో వానలకీ సరిపోయింది. డిసెంబరులో కూడా గొడుగు పట్టుకుని స్టాఫ్ రూములోకి వస్తుంటే మాత్రం మా బోటనీ మేడమ్ ఆకాశం వైపోసారి, నా వైపోసారి చూసేది. నేను గోడల వెంట నడిచేదాన్ని. ఏ వరండాలో ఎన్ని స్తంభాలున్నాయో, ఏ కిటికీ ఊచ ఊగుతుందో కంఠతా వచ్చేసింది. బజారు మానేశాను. పెళ్లిళ్లు మానేశాను. గుణదల తిరునాళ్లకి ఏటా మా వీధి ఆడవాళ్లందరం కలిసి వెళ్లేవాళ్లం. ఆ ఏడాది తలనొప్పని ఇంట్లో కూర్చున్నాను.

గొడుగు కొన చివరికి మోసమే చేసింది. సెకండియర్ పిల్లలు ల్యాబు నుంచి బయటికొస్తుంటే, అప్పుడే తడిగుడ్డ పెట్టిన గ్రానైట్ మీద అది సర్రున జారింది. నేను పిల్లలందరి ముందూ బోర్లా పడ్డాను. ఎడమ మణికట్టు విరిగింది. నొప్పి కంటే ముందు నాకు వినపడింది నిశ్శబ్దం. అరవై మంది పిల్లలు ఒక్కసారి మాట్లాడటం ఆపేస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

కట్టు విప్పాక నా దగ్గరికి వచ్చిన ఫిజియోథెరపిస్టు పాతికేళ్లమ్మాయి. కంకిపాడు నుంచి స్కూటీ మీద వచ్చేది. మొహమాటం బొత్తిగా లేని పిల్ల.

“మేడమ్, గొడుగు వానకి. నడకకి కాదండీ,” అంది మొదటి రోజే.

“పోనీ వాకర్ తెప్పించమంటావా? ఆస్పత్రుల్లో ఇస్తారే, తేలిగ్గా ఉంటుంది, ఎత్తి ముందుకు పెట్టుకునేది.”

“మీకు అది పనికిరాదండీ. దాన్ని ఎత్తిన ప్రతిసారీ మీరు వెనక్కి పడతారు. మోకాలు విరిగినవాళ్లకి అది బాగుంటుంది. మీకు ఎత్తే పని ఉండకూడదు, పైగా బరువుండాలి. తేలిక సామాను మీ చేతిలో పెడితే అది కూడా మీతో పాటు ఊగుతుంది.”

నాలుగు చక్రాలు, చేతి బ్రేకులు, ముందు ఒక బుట్ట, మధ్యలో కూర్చోవడానికి సీటూ ఉన్న వాకర్ ఒకటి తెప్పించింది. పట్టుకుని రెండడుగులు వేశానో లేదో అది తుర్రుమని ముందుకు పోయింది. నేను దాని వెనక వేలాడాను. ఆ అమ్మాయి బ్రేకు పట్టేసి, వంటింట్లోకి వెళ్లి డబ్బాలన్నీ వెతికింది. మా ఆయన ఊరగాయల కోసం తెచ్చి పెట్టిన కల్లుప్పు ప్యాకెట్లు కనిపించాయి, ఒక్కోటీ కిలో. నాలుగు తెచ్చి బుట్టలో అడుగున సర్ది, చున్నీతో కదలకుండా కట్టింది. బ్రేకులు చక్రాలకి కాస్త ఒరుసుకునేలా బిగించింది.

“ఇప్పుడు నడవండి. కిందకి చూడకండి. నా మొహం చూడండి.”

ఆమె వెనక్కి నడుస్తూ వెళ్లింది. నేను ఆమె మొహం చూస్తూ హాలు దాటాను, వంటిల్లు దాటాను, మళ్లీ వెనక్కి వచ్చాను. మూల తిరిగేటప్పుడు, “గిరుక్కున తిరక్కండి, కారు తిప్పినట్టు పెద్ద చుట్టు తిప్పండి” అంది. అలాగే తిప్పాను. నాలుగోసారి వచ్చేటప్పుడు గోడ మీది మా పెళ్లి ఫోటో కనిపించింది. ఎప్పుడూ అక్కడే ఉంది కానీ రెండేళ్లుగా నేను ఇంట్లో నడుస్తున్నంతసేపూ నేలనే చూస్తున్నాను. తలెత్తి నడిచి రెండేళ్లయిందని అప్పుడు అర్థమైంది. సోఫాలో కూర్చుని భోరున ఏడ్చాను. ఆ అమ్మాయి కంగారుపడి నీళ్లు తెచ్చింది.

“నొప్పేమన్నా ఉందా మేడమ్?”

“లేదు. ఇంకో నాలుగు చుట్లు తిరుగుదాం.”

మూడు నెలలు పట్టింది. మొదట ఇల్లు, తర్వాత అపార్ట్‌మెంటు కారిడారు, తర్వాత వీధి. చీర కుచ్చిళ్లు చక్రంలో పడుతున్నాయని చుడీదార్లకి మారాను. ఎదురింటావిడ మొదటి రోజు, “అయ్యో, ఇంత చిన్న వయసులో...” అని మొదలుపెట్టింది. “దీని మీద కూర్చోవచ్చు కూడానండీ, చూడండి” అని వీధి మధ్యలో సీటు మీద కూర్చుని చూపించాను. ఆవిడ అయ్యో సగంలో ఆగిపోయింది.

సెలవు ముగించి మళ్లీ కాలేజీలో చేరతానని వెళ్తే ప్రిన్సిపాల్ గారు సంతోషించారు, ఇబ్బందీ పడ్డారు. జబ్బు సంగతి అప్పటికే ఆయనకి తెలుసు. ఆ ఫోను సంగతి అడిగినందుకు రెండుసార్లు క్షమాపణ కూడా చెప్పారు.

“మీరు ఆఫీసులో కూర్చోండి మేడమ్. ఎగ్జామ్స్ సెక్షన్ చూసుకోండి. ల్యాబంటే ఆసిడ్లు, గాజు సామాను. ఏదన్నా జరిగితే?”

“ఆసిడ్ సీసాలు నేను ముట్టుకోను సార్. పోసే పని ల్యాబ్ అసిస్టెంట్‌ది. చేసే పని పిల్లలది. చెప్పే పని నాది. ఇన్నేళ్లూ మనం జీతం తీసుకున్నది చెప్పినందుకే గదా?”

“నిలబడి...”

“నిలబడను. చేతులున్న కుర్చీ వేయించండి చాలు.”

ఆయన ఆలోచించి, నెల రోజులు చూద్దామన్నారు. నాకు కావలసింది ఆ నెలే.

మొదటి రోజు ల్యాబులోకి ఉప్పు ప్యాకెట్ల వాకర్ తోసుకుంటూ వెళ్లాను. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. ఎక్కడ చూడాలో తెలియక కొందరు నేలకేసి చూస్తున్నారు. కుర్చీలో కూర్చుని, బ్రేకులు వేసి, ముందే అనుకున్నట్టు చెప్పేశాను.

“నాకు అటాక్సియా అని ఒక జబ్బు. నా మాట ఇలాగే సాగుతుంది, చెయ్యి ఇలాగే వణుకుతుంది. నేను చెప్పింది అర్థం కాకపోతే మళ్లీ అడగండి, పదిసార్లయినా చెప్తాను. ఇంకో సంగతి. నేను తాగలేదు.”

వెనక బెంచీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూడా నవ్వేసరికి ల్యాబంతా నవ్వింది.

ఆ రోజు టైట్రేషన్. బ్యూరెట్‌లోంచి పర్మాంగనేటు ఒక్కో చుక్కా ఫ్లాస్కులో పడాలి. రంగు లేని నీళ్లు లేత గులాబీకి తిరిగిన చుక్క దగ్గర ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే మళ్లీ మొదటికే. ఒకప్పుడు నా చెయ్యి ఆ చుక్కని చెప్పిన చోట ఆపేది. ఇప్పుడు ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయిని పిలిచి బ్యూరెట్ దగ్గర నిలబెట్టాను.

“నా గొంతు విను. నేను చెప్పినప్పుడే తిప్పు. వదులు... వదులు... నెమ్మది. చుక్క. కలుపు. ఇంకో చుక్క. కలుపు. ఆగు. సగం చుక్క చాలు, కొనకి వేలాడుతోంది చూడు, దాన్ని ఫ్లాస్కు గోడకి తాకించు.”

గులాబీ రంగు వచ్చి నిలబడిపోయింది. ఆ అమ్మాయి ఫ్లాస్కు పైకెత్తి కిటికీ వెలుగులో పెట్టింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే రీడింగు. నా చేత్తో చేసిన రోజుల్లో కూడా అంత బాగా కుదిరింది తక్కువే. నెల గడిచింది. ప్రిన్సిపాల్ గారు మరి ఆఫీసు మాట ఎత్తలేదు. మార్చిలో మా పిల్లల ప్రాక్టికల్స్ మార్కులు చూసి, స్వీట్ల డబ్బా ల్యాబుకి ఆయనే పట్టుకొచ్చారు.

ఆ స్వీటు నోట్లో పెట్టుకున్నప్పుడే నాకు మా అత్త గుర్తొచ్చింది. గుర్తొచ్చిందనడం అబద్ధం. రోజూ గుర్తొస్తూనే ఉంది, నేను వెళ్లలేకపోయాను. దానికో కారణముంది.

నాకు పదేళ్లప్పుడు వేసవి సెలవులకి చల్లపల్లి వెళ్లాం. అప్పటికి అత్తకి ముప్ఫై దాటి ఉంటాయి, నడక మారడం అప్పుడే మొదలైంది. ఒక మధ్యాహ్నం పిల్లలందరం అరుగు మీద చేరి ఆడుకుంటుంటే, నేను లేచి అత్తలాగ నడిచి చూపించాను. కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు చాచి, తూలుతూ. అందరూ పడీ పడీ నవ్వారు. తిరిగి చూస్తే గుమ్మంలో అత్త మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. అందరికీ గ్లాసుల్లో పోసి లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్లో ఒక ఆదివారం మావారు కారు తీశారు. డిక్కీలో రెండు వాకర్లు. ఒకటి నాది, ఒకటి కొత్తది. కరకట్ట మీదుగా వెళ్తుంటే పక్కన అరటి తోటలు, పసుపు చేలు దాటిపోతున్నాయి. నేను దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

మామయ్య వీధిలోకి ఎదురొచ్చారు. పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. వంట ఆయనదే, అత్తకి తల దువ్వేది కూడా ఆయనే. నా వాకర్ చూసి పక్కకి జరిగి దారిచ్చారు.

అత్త మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. ఆరేళ్లయింది ఆవిడ వీధి మొహం చూసి. జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది, అంత చిక్కిపోయింది. నేను వాకర్ తోసుకుంటూ గదిలోకి రావడం తలుపు దగ్గర్నుంచి మంచం దాకా రెప్పవేయకుండా చూసింది. నా కాళ్లు చూసింది. ఎడంగా పడుతున్న నా అడుగుల సంగతి ఆవిడకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

“నీక్కూడానా అమ్మాయ్,” అంది. మాట ముద్దగా ఉంది కానీ నాకు ప్రతి అక్షరం అర్థమైంది.

మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. కూడబలుక్కున్నవన్నీ ఎగిరిపోయాయి. “అత్తా, చిన్నప్పుడు అరుగు మీద...” అన్నాను.

“ఊరుకోవే. పదేళ్ల పిల్లవి. నిజం చెప్పనా? బాగా చేశావు. అచ్చం నాలాగే ఉంది. అప్పటిదాకా నేనెలా నడుస్తున్నానో నాకే తెలీదు.” ఆవిడ నవ్వింది. నేను ఏడుస్తూ నవ్వాను.

తర్వాత జబ్బు పేరు చెప్పాను. చిన్నమెదడు గురించి చెప్పాను. ఇది వంశంలో వచ్చేది, ఎవరి తప్పూ కాదని చెప్పాను. అత్త వింటూ వింటూ మధ్యలో ఆపింది.

“దీనికో పేరుందా?”

“ఉంది. అటాక్సియా.”

“ఆటాక్షియా.” నాలుక తిరక్క మళ్లీ అంది. మళ్లీ అంది. తర్వాత మామయ్య వైపు తిరిగి, “విన్నారా? పేరుందంట. నాగదోషమని మీ అక్కగారు ముప్ఫై ఏళ్లు నాతో పుట్టలో పాలు పోయించింది. కడుపుతో ఉన్నప్పుడు పాముని దాటానంది. నేను ఏ పామునీ దాటలేదని చెబితే ఒక్కళ్లు నమ్మలేదు!” అంది. ఆవిడ కళ్లు మెరుస్తున్నాయి. అది కోపమో సంతోషమో నాకు తెలియలేదు, రెండూ అయి ఉంటాయి.

కొత్త వాకర్ తెప్పించి మంచం పక్కన పెట్టాను. మామయ్య గబగబా అడ్డం వచ్చారు.

“వద్దమ్మా. ఇదివరకు తెచ్చాం, తేలిక వాకర్. రెండో రోజే వెనక్కి పడింది, తల పగిలింది. దాన్ని తీసుకెళ్లి అటక మీద పడేశాను. ఈ ఆరేళ్లలో మీ అత్తని ఒక్కసారి పడనిచ్చానేమో అడుగు. ఒక్కసారి!”

ఆ మనిషికి ఆరేళ్లుగా అదొక్కటే గర్వం. దాన్ని నేను ఒక్క మాటతో తీసిపారేయలేకపోయాను. అత్తే అంది.

“పడలేదు, నిజమే. అసలు లేస్తే గదండీ పడటానికి?”

మామయ్య స్టూలు మీద కూలబడ్డారు. నేను కంకిపాడు అమ్మాయికి వీడియో కాల్ చేశాను. ఆమె అత్త చేత మంచం మీదే కాళ్లు ఎత్తించింది, చేతులు తోయించింది, పాదాలకి స్పర్శ ఉందో లేదో అడిగింది. “బలం ఉందండీ. బాబాయిగారూ, మీరు బాగా చూసుకున్నారు కాబట్టే ఇంత బలం మిగిలింది,” అంది ఫోన్లోంచి. ఆ మాటకి మామయ్య లేచారు. “ఏం కట్టాలో చెప్పమ్మా, కడతాను” అన్నారు. ఉప్పు లేకపోతే ఇంట్లో ఉన్న బియ్యం మూటలు కట్టి తెచ్చారు. ఆ రోజు అత్త ఒక పక్క మావారు, ఒక పక్క మామయ్య ఉండగా మంచం నుంచి వంటింటి గుమ్మం దాకా నడిచింది. పదకొండు అడుగులు. నేను లెక్కపెట్టాను.

వెళ్లేటప్పుడు అడిగాను, “నడక వచ్చాక ముందు ఎక్కడికి వెళ్తావత్తా?”

గుడి అంటుందనుకున్నాను.

“టైలరు దగ్గరికి,” అంది. “ఆరేళ్ల నుంచీ ఆది జాకెట్టు పంపిస్తున్నారు. అదేమో నేను లావుగా ఉన్నప్పటిది. చూడు, ఈ భుజం ఎలా జారిపోతోందో. ఒక్కసారి నిలబడి కొలతలిచ్చి కుట్టించుకోవాలి.”

అత్త రోజూ ఫోన్లో లెక్క చెప్పేది. హాలు అయింది. పెరడు అయింది. మీ మామయ్య ముందు నడుస్తున్నారు. మీ మామయ్య వెనక నడుస్తున్నారు. మీ మామయ్య పేపరు చదువుకుంటున్నారు, నేను ఒక్కదాన్నే నడిచాను. రెండు నెలలకి మళ్లీ వెళ్లాం. కారు దిగి చూస్తే ఇంటి ముందు మూడు మెట్లున్న చోట ఒక పక్కగా సిమెంటుతో ఏటవాలు దారి వేసి ఉంది, దానికి ఇనప కమ్మీ కూడా ఉంది. గడప మీద రెండు వైపులా చెక్క వాలుగా బిగించి ఉంది. ఆ చెక్కకి కూడా పసుపు రాసి బొట్లు పెట్టారు.

“ఎప్పుడు చేయించారు మామయ్యా?”

“మేస్త్రి ఖాళీగా ఉన్నాడులే,” అన్నారాయన ఎటో చూస్తూ.

టైలరమ్మ ఇల్లు ఆ వీధిలోనే, తొమ్మిదిళ్ల అవతల. అత్త వాకర్ ముందు, నా వాకర్ వెనక. ఇద్దరివీ ఎనిమిది చక్రాలు సిమెంటు రోడ్డు మీద గడగడలాడుతున్నాయి. అరుగుల మీద వాళ్లు లేచి నిలబడ్డారు. ఒకావిడ చేట పట్టుకుని గేటు దాకా వచ్చి, “పిన్నిగారూ, మీరేనా?” అంది. “నేనేనే. ఈ డాబా ఎప్పుడు కట్టారు మీరు?” అని అత్త ఆగి, తలెత్తి, పిట్టగోడ దాకా చూసింది. ఆ డాబా వయసు నాలుగేళ్లు. ప్రతి ఇంటి ముందూ ఆగి ఏం మారిందో అడిగింది. తొమ్మిదిళ్లు దాటడానికి ముప్పావుగంట పట్టింది. దాంట్లో నడిచింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. ఆవిడ ముద్ద మాట అర్థం కాక ఎవరైనా నా వైపు చూస్తే, నేను చెప్పలేదు. “నన్నే అడగండి, మళ్లీ చెప్తాను” అంది అత్తే.

టైలరమ్మ మిషను ఆపేసి బయటికి పరిగెత్తుకొచ్చింది. కుర్చీ వేసింది.

“కూర్చోండి పిన్నిగారూ, కూర్చునే కొలతలు తీసుకుంటాను.”

“కూర్చుని ఇస్తే ఆది జాకెట్టు పంపినట్టే ఉంటుంది. నిలబడే ఇస్తా.”

కదలకుండా నిలబడటం మాలాంటి వాళ్లకి నడక కంటే కష్టం. అత్త బ్రేకులు వేసి, కాళ్లు ఎడం చేసి, రెండు చేతులతో వాకర్ పట్టుకుంది. టేపు ఛాతీ చుట్టూ రావాలంటే ఒక చెయ్యి ఎత్తాలి. కుడి చెయ్యి ఎత్తింది. ఒళ్లంతా ఒకసారి ఊగింది. గుమ్మం దగ్గర మామయ్య ఒక అడుగు ముందుకు వేశారు. అత్త అటు తిరక్కుండానే, “అక్కడే ఉండండి” అంది. ఆయన ఆగిపోయారు. పట్టుకుందామంటే నా చేతులు నా వాకర్‌కే కావాలి. నేను చేయగలిగింది చెప్పడమే.

“నా మొహం చూడత్తా. కిందకి చూడకు. నా మొహమే.”

చూసింది. నుదుటి మీద చెమట కారి కనుబొమలో ఇంకింది. టేపు వెళ్లి చుట్టి వచ్చింది. చెయ్యి దించింది, ఎడమది ఎత్తింది. టైలరమ్మ భుజం కొలిచింది, చంక కొలిచింది, చెయ్యి పొడవు కొలిచింది. పుస్తకంలో ఒక్కో అంకె రాసుకుంటూ, “ఎంత తగ్గారు పిన్నిగారూ,” అని గొణుక్కుంటోంది.

“అయిపోయిందా?” అంది అత్త చివరికి.

“అయిపోయిందండి.”

“మెడ వెనక కొంచెం దించి కుట్టు. ఈ మధ్య అందరూ అలాగే వేసుకుంటున్నారంట.”

మామయ్య గట్టిగా నవ్వారు. నాకు తెలిసినన్నేళ్లలో ఆయన అలా నవ్వగా వినడం అదే. అత్త వాకర్ సీటు మీద కూర్చుని, చెంగుతో మొహం తుడుచుకుని, నీళ్లడిగి రెండు గ్లాసులు తాగింది. సగం గ్లాసు కాదు, నిండుగా పోయించుకుని. కొన్ని ఒలికాయి. తుడుచుకుంది.

ఇది జరిగి ఏడాది దాటింది. మా ఇద్దరి జబ్బూ తగ్గలేదు, తగ్గదు కూడా. నా మాట ఇంకాస్త సాగుతోంది. ఇప్పుడు క్లాసులో చిన్న మైకు వాడుతున్నాను. దూరాలకి చక్రాల కుర్చీ కొనమని కంకిపాడు అమ్మాయి అంటోంది. ఈసారి గొడుగు వెనక దాక్కోను, కొంటాను. కిందటి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి కొండ కింద దాకా మా వీధి ఆడవాళ్లతోనే వెళ్లాను. వాకర్ సీటు మీద కూర్చుని జీళ్లు తిన్నాను.

అత్త పొద్దున్నే వీధి చివరి దాకా ఒంటరిగా వెళ్లి వస్తుంది. పోయిన వారం ఫోన్ చేసి, “ఇవాళ పడ్డానే” అంది. మామయ్య ఎలా ఉన్నారో అని ముందు ఆయన కోసమే భయపడ్డాను.

“దెబ్బ తగిలిందా అత్తా? మామయ్యేమన్నారు?”

“మోచెయ్యి గీసుకుపోయిందంతే. నేనే లేచాను, ఆ అమ్మాయి చెప్పినట్టు ముందు మోకాళ్ల మీదకొచ్చి, సీటు పట్టుకుని. మీ మామయ్య గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నారు. పరిగెత్తుకొస్తారనుకున్నా. రాలేదు. నేను ఇంటికొచ్చేసరికి ఇడ్లీ పెట్టి, ‘ఎన్ని వెయ్యను, నాలుగా అయిదా?’ అన్నారు.”

“నువ్వేమన్నావు?”

“అయిదన్నాను.”